చోడి మొలక, బియ్యప్పిండి, మట్టికుండ

మా వైపు కల్లు అంటే ముందు గుర్తొచ్చేది జీలుగు చెట్టు. మహేంద్రగిరి కింది కొండల్లో, గెడ్డల పక్కన, రాళ్ల సందుల్లో పెరిగే చెట్టు అది. దాని తరువాత ఇప్పపువ్వు. కిందికి దిగి పలాస దాటి ఉద్దానం తీరానికి పోతే తాటికల్లు, ఈతకల్లు. చెట్టు నుంచి గీసేది, పువ్వు నుంచి కాచేది మా సవర గూడేల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గింజ నుంచి చేసే కల్లు గురించి మాత్రం మా తరం వినడమే కాని చూడలేదు. పెద్దలను అడిగితే, "అటు కోరాపుట్ వైపు వాళ్లు చేస్తారు, చోడితో, బియ్యంతో" అనేవారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

దాన్ని మా చేతులతో చేసి చూడాలని మేము అనుకున్నది తాగాలన్న సరదాతో కాదు. రెండేళ్ల కిందట కొత్తల పండుగనాడు పెద్దలకు పోయడానికి గూడెంలో కల్లు లేకపోయింది. జీలుగు చెట్లు తగ్గాయి, ఉన్నవాటిని ఎక్కేవాళ్లూ తగ్గారు. ఎవరో కుర్రాడు బండి మీద కిందికి దిగి దుకాణం నుంచి క్వార్టరు సీసా తెచ్చాడు. ఎజ్జోడు దాన్ని చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది ఏ గింజ నీళ్లు బాబూ? ఏ చెట్టు నీళ్లు? ఏ పేరు పెట్టి పెద్దల్ని పిలవమంటారు?" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. పూజ ఆగదు కనుక చివరికి అదే పోశారు. ఆ ప్రశ్న మాత్రం మాతో ఉండిపోయింది.

మేము అంటే నలుగురం. ఇద్దరం బడిలో పాఠం చెప్పేవాళ్లం, ఒకరు పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి పోయే అప్ప, ఒకరు డిగ్రీ చదువుతున్న తమ్ముడు. మాతో పాటు ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న గదబ మిత్రుడు ఒకడు అరకు వైపు ఉంటాడు. వాళ్ల అవ్వ కోరాపుట్ జిల్లా లాంతాపుట్ వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. అక్కడి గదబలు, పరజలు, బోండాలు గింజలతో చేసే కల్లును లందా అనీ పెండెం అనీ అంటారు. అవ్వ దాన్ని చిన్నప్పటి నుంచీ చేస్తోంది. మిత్రుడు ఫోను ఆమె చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాడు, మేము కాగితం పెన్నూ పట్టుకున్నాము. మా చదువు అలా మొదలైంది.

"ముందు గింజ దొరకబుచ్చుకోండి గుంటలారా. గింజ బతికుందో లేదో సూడండి. సచ్చిన గింజ కల్లవదు" అంది అవ్వ.

ఆ మాట ఎంత నిజమో గింజ కోసం బయల్దేరాక తెలిసింది. మా తాతల పోడులో చోడి, కొర్ర, సామ, గంటి, కంది, అలసంద అన్నీ కలిసి పండేవి. ఇప్పుడు ఆ కొండవాలుల్లో చాలాచోట్ల జీడిమామిడి తోటలున్నాయి. జీడి డబ్బు తెచ్చింది, కాదనడం లేదు. పిల్లల చదువులకూ ఆసుపత్రికీ ఆ పిక్కలే ఆధారం. కాని చోడి పోయాక తిండి మారిపోయింది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యంతో పొయ్యి మీదికి తెల్లన్నం వచ్చింది. చోడి అంబలి ముసలివాళ్ల తిండిగా మిగిలింది. మాకు సంతలో దొరికిన చోళ్లు పాతవి. ఒక గుప్పెడు తడిగుడ్డలో కట్టి చూస్తే నూటికి పాతిక కూడా మొలవలేదు. చివరికి పై గూడెంలో ఒక అత్త ఇంట్లో, విత్తనానికి దాచిన చోళ్లు రెండు కిలోలు దొరికాయి. వాటిని కొలిచి ఇస్తూ ఆమె, "తిరిగి పంట మీద రెండింతలు ఇవ్వాలి" అంది. విత్తనం అప్పు తీర్చే మా పాత లెక్క అది. ఒప్పుకున్నాము.

చోళ్లను ఒక రాత్రంతా గెడ్డ నీళ్లలో నానబెట్టాము. తేలినవి తీసేశాము. పొద్దున్న నీళ్లు వార్చి, తట్టలో అడ్డాకులు పరిచి, వాటి మీద గింజలను రెండు వేళ్ల మందాన పరిచి పైన తడిగుడ్డ కప్పాము. పూటకోసారి నీళ్లు చిలకరించి చేత్తో కలిపేవాళ్లం. కలపకపోతే అడుగు గింజలు వేడెక్కి వాసన పడతాయని అవ్వ ముందే చెప్పింది. రెండో రోజుకు తెల్లని మొటిమలా మొలక కనిపించింది. మూడో రోజుకు గింజకు రెండింతలు పొడవైంది. అప్పుడు ఎండలో పోసి గలగలమనేదాకా ఎండబెట్టి, మొలకలు నలిపి చెరిగి, తిరగలిలో విసిరాము.

ఆ పిండిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంది. మామూలు చోడిపిండిలో ఆ తీపి ఉండదు. మాలో సైన్సు చెప్పేవాళ్లం పిల్లలకు చెప్పే పాఠం ఇది. గింజ తన కడుపులో పిండిపదార్థం దాచుకుంటుంది, మొలిచేటప్పుడు దాన్ని చక్కెరగా మార్చుకుని తింటుంది. అలా మార్చే పదార్థం పేరు అమైలేజు. గింజ దాన్ని తన మొలక కోసం తయారుచేసుకుంటుంది. కల్లు చేసేవాళ్లు గింజ సగం పని చేశాక ఆపి, మిగతా పని కుండలో చేయిస్తారు. చిరుధాన్యాల్లో చోడి మొలకకు ఈ గుణం ఎక్కువ. పసిపిల్లలకు అంగన్‌వాడీల్లో మొలకెత్తిన రాగి పిండితో జావ కాయమని చెప్పేదీ ఇందుకే. మొలక పిండి వేస్తే జావ పలుచబడుతుంది, పిల్లలకు తేలిగ్గా అరుగుతుంది. మన ఇళ్లలో మాల్టు అనే డబ్బా మాట తెలుసు గాని, మాల్టు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ అని తెలిసినవాళ్లు తక్కువ.

పండుగ ముందటి వారం అవ్వ పంపిన పొట్లం వచ్చింది. మిత్రుడు అరకు నుంచి విశాఖ వచ్చి, అక్కడ పలాస ప్యాసింజరు ఎక్కి, దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆకుల్లో చుట్టిన ఎండు ముద్ద అది. అవ్వ కుండ అడుగున మిగిలిన లందా మడ్డిని ఎండబెట్టింది. "కొత్త కుండకి ఏటీ తెలీదు. పాత కుండ మాట కొత్త కుండకి సెప్పాలి. ఆ మాటే ఇది" అని కబురు పంపింది. పాశ్చర్ అనే ఫ్రాన్సు శాస్త్రవేత్త పులియడం వెనక ప్రాణమున్న సూక్ష్మజీవి ఉందని 1857 నుంచి రాసిన పరిశోధనల్లో చూపాడు. ఆ సూక్ష్మజీవి ఈస్టు. అది చక్కెరను తిని సారాయి గుణాన్ని, బొగ్గుపులుసు గాలిని విడుస్తుంది. పాశ్చర్ పేరు అవ్వ వినలేదు. అయినా ఆ జీవిని కుండ నుంచి కుండకు, పొలిమేర నుంచి పొలిమేరకు మోసుకుపోవడం ఆమెకు, ఆమె అమ్మకు, ఆమె అమ్మమ్మకు తెలుసు.

నీళ్ల దగ్గర మేము చాలాసేపు ఆగాము. ఉద్దానం పక్కన బతికేవాళ్లకు ఏ నీళ్లు అన్నది చిన్న ప్రశ్న కాదు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన ఇళ్లు మాకు తెలుసు. కారణం ఇదేనని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీళ్ల గొట్టాలు వేశారు. అందుకే బోరు నీళ్లు వద్దనుకుని, కొండ మీది ఊట నీళ్లు మోసుకొచ్చి మరగబెట్టి చల్లార్చి వాడాము.

అవ్వ చెప్పిన కొలత రెండు పాళ్లు బియ్యప్పిండికి ఒక పాలు మొలక పిండి. మేము నాలుగు కిలోల కొండబియ్యాన్ని నానబెట్టి, ఆరబెట్టి, రోట్లో బరకగా దంచాము. ఆ పిండిని చిల్లుల కుండలో ఆవిరి మీద ఉడికించాము. ఉడికిన పిండిని పెద్ద కుండలోకి దులిపి, పది లీటర్ల నీళ్లలో కలిపాము. ఇక అసలు సంగతి వేడి. మరీ వేడిగా ఉన్నప్పుడు మొలక పిండి వేస్తే అమైలేజు చచ్చిపోతుంది, చల్లారిపోయాక వేస్తే మందగిస్తుంది. విదేశాల్లో బార్లీతో బీరు కాచేవాళ్లు ఈ దశలో 65 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతారు. అవ్వ కొలత వేరు. "సెయ్యి పెట్టి ఎంటనే తీసీలాగుండాల" అంది. మాలో ఒకరం బడిలోని థర్మామీటరు తెచ్చాము. చెయ్యి పెట్టి తీసేయాల్సిన ఆ వేడి దగ్గర అది 55 చూపింది. అప్పుడు మొలక పిండి పోసి, గరిటెతో తిప్పి, కుండకు గోనెసంచి చుట్టాము.

గట్టిగా ముద్దలా ఉన్న పిండి గంటలో మజ్జిగలా పలుచబడింది. మొదలుపెట్టేటప్పుడు ఒక చుక్క తీసి దాని మీద అయోడిన్ వేస్తే నల్లనీలం అయింది. మూడు గంటల తరువాత తీసిన చుక్క గోధుమరంగులో ఉండిపోయింది. పిండి చాలావరకు చక్కెరగా మారిందన్న మాట. చుట్టూ మూగిన పిల్లలకు ఆ తియ్యని నీళ్లు తలో చెంచాడు ఇచ్చాము. అది ఇంకా కల్లు కాలేదు, ఉత్త గింజ తీపి. "బెల్లం ఎయ్యనేదా?" అని పదిసార్లు అడిగారు.

చల్లారాక అవ్వ ముద్దను గోరువెచ్చని నీళ్లలో నలిపి కుండలో కలిపాము. మూతికి గుడ్డ కట్టి పొయ్యి పక్కన పెట్టాము. పుష్యమాసం చలి కదా, ఆ వెచ్చదనం కావాలి. మొదటి రాత్రి ఏమీ కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం చెవి ఆనించి వింటే లోపల సన్నగా బుసబుస మంటోంది. సాయంత్రానికి పైన నురగ, పండిన పండులాంటి వాసన. మూడో రోజు నురగ తగ్గింది. నాలుగో రోజు పొద్దున్న వెదురు జల్లెడలో వడకట్టాము. పన్నెండు లీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. పలుచని మట్టిరంగు, కొంచెం పులుపు, కొంచెం తీపి, నాలుక చివర చోడి చేదు. మిగిలిన పిప్పి మేకలకు, కోళ్లకు పోయింది. పిప్పిలోంచి ఒక ముద్ద తీసి మేమూ ఎండబెట్టాము.

ఎజ్జోడు సొరబుర్రలో కొంచెం తీసుకుని వాసన చూశాడు. ఈసారి ప్రశ్న అడగలేదు. పై గూడెం అత్త చోడి అని, కొండబియ్యం అని, ఫలానా గెడ్డ ఊట నీళ్లు అని గింజ పేరు, నేల పేరు, నీళ్ల పేరు చెప్పి, పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచి నేల మీద పోశాడు. తరువాత ఇంటికొక డొప్ప చొప్పున పంచాము. నలభై ఇళ్లకు ఎంత వస్తుంది? ఇంటికి పావులీటరు పైచిలుకు. అది అయిపోయింది, కుండ ఖాళీ అయింది. మిగుల్చుకుందామంటే మర్నాటికే పుల్లబడుతుంది. దుకాణం తీసినట్టు పొద్దున్నే మళ్లీ దొరకదు. మళ్లీ కావాలంటే మళ్లీ గింజ, మళ్లీ వారం రోజుల పని.

మాకు అన్నిటికంటే గట్టిగా తట్టింది ఇదే. ఇంటి కుండలో కొలత దానంతటదే ఉంటుంది. గింజ ఎంతో కల్లు అంత. గింజ తిండికి మిగిలితేనే కల్లు. నానబెట్టే రోజు నుంచే గూడెమంతా చూస్తుంది కనుక చాటుగా చేయలేము. అవ్వ చెప్పిన కట్టుబాట్లూ అందులో భాగమే. కడుపుతో ఉన్న ఆడమనిషికి ఇవ్వకూడదు, పసివాళ్లకు ఇవ్వకూడదు, జబ్బుమనిషికి ఇవ్వకూడదు, కరువు ఏడు కుండ పెట్టకూడదు, అమ్మకూడదు. మా వైపు మేము ఇంకొకటి కలిపాము. కిడ్నీ జబ్బున్న ఇంట్లో డాక్టరు మాటే మాట, ఆ ఇంటి డొప్పలో మొలక జావ పోయాలి. పోశాము కూడా.

ఈ పని మన ఒక్కరిదే కాదని పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. చోడి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండలు. అక్కడి నుంచి వేల ఏళ్ల కిందట మన దేశానికి వచ్చింది. ఉగాండాలో ఇప్పటికీ ఇదే చోడి మొలకలతో కల్లు చేసి, పెద్ద కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో అందరూ కలిసి తాగుతారు. నేపాల్, సిక్కిం కొండల్లో చోడిని ఉడికించి పులియబెట్టి, వెదురు పాత్రలో వేడినీళ్లు పోసుకుని తాగే తోంబా ఉంది. ఒడిశా, జార్ఖండ్‌లలో సంతాలులు, ముండాలు బియ్యంతో హండియా చేస్తారు. నాలుగు వేల ఏళ్ల కిందటి సుమేరు మట్టిపలకల మీద బార్లీ కల్లు సంగతి రాసి ఉంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే బీరు కూడా మొదట ఇలాంటి ఇంటి కుండే. బార్లీ మొలకను ఎండబెట్టి, వేడినీళ్లలో తీపి దించి, నిలవ ఉండడానికి, చేదుకు హాప్స్ అనే తీగ పువ్వులు వేసి కాచి, ఈస్టు కలుపుతారు. గింజ, నీళ్లు, వేడి, ఈస్టు అనే నాలుగూ అక్కడా ఇక్కడా ఒకటే. మన కుండలో హాప్స్ ఉండవు కనుక అది నిలవ ఉండదు.

అయితే అది మన చేతుల్లోంచి ఎలా జారిపోయింది? చరిత్రలో దానికి జవాబు ఉంది. గోదావరి మన్యంలో 1879లో రంపలో తిరుగుబాటు రావడానికి ఒక పెద్ద కారణం కల్లే. చెట్టు గీసుకున్నందుకు మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేయడం, ఆ మీద సర్కారు కల్లును గుత్తకిచ్చి ఇంటి కోసం గీసుకోవడాన్నే ఆపడం. తమ్మన్నదొర వెంట కొండమనుషులు లేచారు. 1886లో వచ్చిన మద్రాసు అబ్కారీ చట్టం కల్లు, సారా చేయడాన్నీ అమ్మడాన్నీ సర్కారు లైసెన్సు కిందికి తెచ్చింది. అప్పుడు మన పలాస, టెక్కలి కూడా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. లైసెన్సు ఉన్నవాడి సారా, దాని వెనకే అప్పు, అప్పు కింద చింతచెట్టు తాకట్టు, ఆ తరువాత భూమి. ఈ దారి మన ముసలివాళ్లందరికీ తెలుసు. 1960లలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్ల వెంట గిరిజనులు కూడగట్టుకున్నది ఆ అప్పుల మీద, కూలి మీద, భూమి మీదే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పులకు బలయ్యారు. భూ బదలాయింపు చట్టం 1959లో వచ్చి, 1970లో గట్టిపడింది. భూమి గురించి అంత పోరాడిన మనం కుండ గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోకపోవడానికి కారణమూ ఉంది. తాగుడు మన ఇళ్లను కూల్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. ఆ నిషేధాన్ని 1997లో సడలించారు. మాలోని అప్ప ఈ మాట మీద మమ్మల్ని గట్టిగా నిలదీసింది. "కుండ మంచిదని మీరు రాస్తే, రేపు ప్రతి తాగుబోతూ మా తాతల ఆచారం అంటాడు. అప్పుడు దెబ్బలు తినేది ఎవరు?" అంది. ఆ మాటకు మేము తేలిగ్గా జవాబు చెప్పలేదు. చర్చ మూడు రాత్రులు సాగింది. చివరికి ఆమె పెట్టిన షరతు మా అందరి షరతు అయింది. కుండ ఆడవాళ్ల చేతిలో ఉండాలి, ఎప్పుడు పెట్టాలో ఎంత పెట్టాలో వాళ్లు చెప్పాలి. అవ్వ ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి కూడా ఇదే. కుండ పెట్టేదీ పంచేదీ అక్కడ ఆడవాళ్లే. దుకాణం సీసాలోని సరుకులో నూటికి 42.8 వంతు సారాయి. దాన్ని కొనేది మగవాడు, తాగేది ఒంటరిగా, డబ్బు పోయేది ఊరి బయటికి. ఈ రెండింటినీ ఒకే మాటతో మద్యం అని పిలవడం వల్లే మనకు వాటి తేడా కనబడకుండా పోయింది.

చట్టానికి ఈ తేడా తెలియక కాదు. 1975లో కేంద్ర ప్రభుత్వం ఆదివాసీ ప్రాంతాల అబ్కారీ విధానం మీద రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. వ్యాపారం కోసం సారా అమ్మకాన్ని ఆదివాసీ ప్రాంతాల్లో మానిపించాలని, ఇంటికీ ఆచారానికీ వాళ్లు చేసుకునే పానీయాన్ని చేసుకోనివ్వాలని అందులోని సారాంశం. 1996లో వచ్చిన పీసా చట్టం షెడ్యూలు ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంది. అంటే వద్దనుకుంటే దుకాణం ఆపవచ్చు, కట్టుబాటు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో దానికి నియమాలు 2011లో వచ్చాయి. కాని మా వైపు గూడేలు ఎన్నో అయిదో షెడ్యూలు గీతకు బయట ఉన్నాయి. కొండ అదే, మనుషులు అదే సవరలు, పండుగ అదే. గీత మాత్రం మమ్మల్ని వదిలేసి పోయింది. ఆ గీత లోపల ఉన్న గూడెం గ్రామసభ పెట్టి తాగుడు మీద తీర్మానం చేస్తే దానికి చట్టం అండ ఉంటుంది. మా గూడెం చేస్తే అది కాగితం. దుకాణం వద్దన్నా మా మాట చెల్లదు, పండుగ కుండ పెట్టుకుంటామన్నా చెల్లదు.

ఇతర దేశాల సంగతి చూడండి. బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదని 1963లో తేల్చారు. అమెరికాలో 1978లో చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 757 లీటర్లు, పన్ను లేకుండా సొంతానికి బీరు కాచుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. మేము అడిగేది 757 లీటర్లు కాదు. ఏడాదికి రెండు మూడు పండుగల కుండ, దాన్ని పెట్టాలో వద్దో చెప్పే మాట. వద్దనే హక్కు లేనివాడికి కావాలనే హక్కూ లేదు. అందుకే కుండ గురించిన మాట చివరికి షెడ్యూలు గురించిన మాట అవుతుంది. గ్రామాలను అయిదో షెడ్యూలులో చేర్చమని మనవాళ్లు పెట్టే ప్రతి అర్జీలో భూమి, ఉద్యోగాలు, అడవి ఉంటాయి. తాగుడు మీద గ్రామసభ అధికారం అనే వాక్యం కూడా ఉండాలి. ఆడవాళ్లు ఆ వాక్యం కింద ముందు సంతకం పెడతారు.

టీచర్లకు ఒక మాట. కల్లు బడిలోకి రాకూడదు, రానవసరం లేదు. మొలక రావచ్చు. ఒక గుప్పెడు చోళ్లు, తడిగుడ్డ, మూడు రోజులు చాలు. మొలవక ముందు పిండి, మొలిచాక పిండి పిల్లల నాలుక మీద పెట్టండి. మందపాటి జావలో చెంచాడు మొలక పిండి కలిపి, అది పలుచబడేదాకా పిల్లలనే గడియారం చూడమనండి. చల్లారిన జావ చుక్క మీద అయోడిన్ వేసి చూపండి. ఆ చుక్కను పారబోయాలి, నోట్లో పెట్టుకోనివ్వకూడదు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పోషకాహారం ఒక్క పాఠంలో వస్తాయి. నూరు గ్రాముల చోడిలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం, అంటే కాల్షియం ఉందని చెప్పండి. ఆ లెక్క వేసి బియ్యంతో పోల్చమనండి. ఇది మీ అవ్వకు తెలిసిన చదువేనని చివర్లో చెప్పండి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల ఏడాదిగా జరిపింది. మా బడిలో ఆ ఏడాది గోడ మీద బొమ్మ గీశారు. బొమ్మకంటే గుప్పెడు మొలక ఎక్కువ చెబుతుంది.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీ గూడెంలో గింజ, పువ్వు, చెట్టు తెలిసిన ముసలివాళ్లు ఉంటే ఇప్పుడే కూర్చుని రాసుకోండి. కొలతలు వాళ్ల మాటల్లోనే రాయండి. "సెయ్యి పెట్టి ఎంటనే తీసీలాగ" అన్నది 55 డిగ్రీలు అని మేము రాసుకున్నాము గాని, అవ్వ మాటే ముందు రాశాము. థర్మామీటరు లేని ఇంట్లో ఆ మాటే పని చేస్తుంది. అలాగే ఎప్పుడు చేయకూడదు, ఎవరికి ఇవ్వకూడదు అన్నదీ రాయండి. చేసే పద్ధతి మాత్రం నేర్చుకుని కట్టుబాటు వదిలేస్తే మనకు మిగిలేది ఇంకొక దుకాణమే.

పై గూడెం అత్తకు మేము నాలుగు కిలోల చోళ్లు బాకీ ఉన్నాము. ఈ ఏడు జీడి చెట్ల మధ్య ఖాళీలో, 2018 అక్టోబరు తిత్లీ తుపానులో చెట్లు పడిపోయి మళ్లీ నాటని చోట, అర ఎకరం చోడి వేశాము. తొలకరిలో చల్లాము, ఇప్పుడు మోకాలెత్తు ఉంది. కోత కోశాక ముందు అత్త బాకీ తీరుతుంది, తరువాత విత్తనం పక్కన పెడతాము, తరువాత అంబలి. ఇంకా మిగిలితే కుండ సంగతి అప్ప చెబుతుంది.